నలభై రాగి రేకులు

ఆ పనివాళ్ళలో ఒక పద్ధతి ఉంది. కుర్చీ కానివ్వండి, బల్ల కానివ్వండి, గోడకు తాపడం చేసే రేకు కానివ్వండి, వెనక షెడ్డులోంచి ముందున్న షోరూములోకి వెళ్ళేముందు దాన్ని మేస్త్రి ముందు పెట్టాలి. మేస్త్రి కళ్ళు మూసుకుంటాడు. కుడిచేతి వేళ్ళు మూడూ అంచుల వెంట, మడతల వెంట, రివెట్ల చుట్టూ ఒకసారి తిప్పుతాడు. లోహం కోసినచోట సన్నటి ముల్లు లేస్తుంది. అది కంటికి ఆనదు, చేతికే దొరుకుతుంది. తగిలితే అక్కడ ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దుతాడు. తగలకపోతే కళ్ళు తెరిచి "పంపండి" అంటాడు. ఆ మాట పడనిదే, సాక్షాత్తూ యజమానురాలు వచ్చి నిలబడ్డా సామాను అంగుళం కదలదు.

ముప్పై ఏళ్ళుగా ఆ మాట అనేది ఒక్కడే. అతని అసలు పేరు ఎప్పుడో అటకెక్కింది. అందరికీ అతను వేలు మేస్త్రి.

"నీ వేలికి ఇన్సూరెన్సు చేయించాలి బావా," అనేవాడు వెల్డరు. అతను మేస్త్రికి స్వయానా బావమరిది. "నువ్వు పోయినా మాకు పర్వాలేదు గానీ, వేలు మాత్రం ఇక్కడ పెట్టేసి పో."

"ముందు నీ నాలుక పెట్టేసి పో. అతుకులు వేసుకోవడానికి పనికొస్తుంది," అనేవాడు మేస్త్రి.

ఆ మేస్త్రి వేళ్ళు ఏడు నెలలుగా పనిచేయడం లేదు.

పనిచేయడం లేదంటే, వంగుతున్నాయి, పట్టుకుంటున్నాయి, సుత్తి ఎత్తుతున్నాయి. ఏమీ చెప్పడం మాత్రం మానేశాయి. మొదట బొటనవేలు, తర్వాత చూపుడువేలు, నెల తిరక్కుండా మధ్యవేలు, ఆపైన రెండు అరచేతులూ. డాక్టరు చేయి అటూ ఇటూ తిప్పి, సూదితో గుచ్చి, "ఇన్నేళ్ళు సుత్తి అదురు తిన్న చేతులు కదండీ. తిరిగి వస్తుందని చెప్పలేను," అన్నాడు. మేస్త్రి సరేనని చొక్కా చేతులు దించుకుని బయటకొచ్చాడు. బస్సు కోసం నిలబడ్డాడు. బస్సు వచ్చింది, ఎక్కాడు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఊరికే కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదువుకుంటూ ఇంటికొచ్చాడు.

ఇంట్లో భార్యకు మాత్రం ఓనాడు దొరికిపోయాడు. పొగలు కక్కుతున్న టీ గ్లాసు అరచేత్తో చుట్టి పట్టుకుని కబుర్లు చెబుతున్నాడు.

"ఏమండీ, కాలడం లేదూ?"

"ఆఁ, కాలుతోంది."

"కాలితే కింద పెట్టరేం?"

అప్పుడు కింద పెట్టాడు. అరచేయి ఎర్రగా కమిలి ఉంది. భార్య ఆ చేయి చూసింది, అతని మొహం చూసింది. ఆ రోజునుంచి మొగుడి టీ చల్లార్చి ఇచ్చేది. అంతే.

పొద్దున్నే దేవుడి ముందు నిలబడి చేతులు జోడించడం మేస్త్రికి చిన్ననాటి అలవాటు. ఇప్పుడూ జోడిస్తున్నాడు. రెండు చేతులూ ఒకదానికొకటి తగిలిన సంగతి కళ్ళు చెబితేనే తెలుస్తోంది. ఇచ్చినవాడు తీసుకుంటే ఎందుకని అడిగే హక్కు మనకు లేదని పెద్దలు చెబుతారు. నిజమే కావచ్చు. కానీ ఇచ్చిన చేతుల్ని ఉంచి, వాటిలోని తెలివిని మాత్రం తీసుకుంటే, అది తీసుకున్నట్టా, మరిచిపోయినట్టా? మేస్త్రి అదే అడగాలనుకునేవాడు. నోటిదాకా వచ్చేది కాదు. దణ్ణం పెట్టి పనికి వెళ్ళిపోయేవాడు.

షెడ్డులో ఎవరికీ చెప్పలేదు. దూది సాయం తీసుకున్నాడు. చిటికెడు దూది వేళ్ళ కింద ఇరికించుకుని, కళ్ళు మూసినట్టే మూసి, రెప్పల సందులోంచి చూస్తూ అంచుల వెంట నడిపేవాడు. ముల్లుంటే దూదిపోగు పట్టుకుని సాగేది. అక్కడ ఆకురాయి పెట్టేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు. కుర్చీలు వెళ్ళాయి, బల్లలు వెళ్ళాయి, అద్దాల చట్రాలు వెళ్ళాయి. "పంపండి, పంపండి" అంటూనే ఉన్నాడు.

అలాంటి రోజుల్లో వచ్చింది నలభై రేకుల పని.

చూపులేని పిల్లల బడి ఒకటుంది. ఆ బడిలో పొడుగాటి వరండా. వరండా గోడకు పిల్లల చేయెత్తున రాగి రేకులు తాపడం చేయాలి. రేకుల మీద బొమ్మలు. తరగతి గదుల దగ్గర ఆకులు, ఆటస్థలం వైపు పిట్టలు, నీళ్ళ కుళాయి దగ్గర అలలు, భోజనాల గది దగ్గర పళ్ళెం. పిల్లలు గోడ తడుముకుంటూ నడిస్తే ఎక్కడికొచ్చారో చేతికే తెలిసిపోవాలి. బొమ్మలన్నీ విడిగా కోసి, ఉబ్బెత్తుగా సుత్తితో తీర్చి, రేకుకు రివెట్లు కొట్టినవి. అంటే ప్రతి బొమ్మకూ చుట్టూ కోసిన అంచే.

బడికి పంపేముందు వారం రోజులు షోరూములో పెడదాం, నలుగురూ చూస్తారు అంది యజమానురాలు. నలభై రేకుల్నీ చెక్క చట్రాలకు బిగించి పెద్ద గోడ పొడుగునా వరసగా నిలబెట్టారు. వాటికి మందు పెట్టి రంగు తెచ్చింది మేస్త్రి కోడలు. ఆమె పూసే మందు ఘాటుకు షెడ్డులో సగంమంది ముక్కులు మూసుకునేవాళ్ళు. ఆమె మాత్రం రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టుకుని, పిల్లకు కాటుక పెట్టినంత శ్రద్ధగా ఒక్కొక్క ఆకుకూ పూసింది. పైనుంచి లైట్లు వేసేసరికి ఆకుల్లో పచ్చ, పిట్టల్లో ఊదా, అలల్లో నలుపు తేలి, చుట్టూ ఉన్న ఇత్తడి కుర్చీలూ ఇనప మంచాలూ వెలవెలబోయాయి.

షోరూములో కుర్చీలన్నిటికీ 'దయచేసి కూర్చోవద్దు' అని అట్టముక్కలు వేలాడుతుంటాయి. వెల్డరు చట్రాలు మోసి మోసి ఒకదాని మీద కూలబడబోయి, అట్ట చూసి లేచాడు.

"కూర్చోవద్దంటే మరి కుర్చీ ఎందుకు చేశాం బావా? దణ్ణం పెట్టడానికా?"

"నువ్వు కూర్చుంటే దానికే దణ్ణం పెట్టాలి, బతికి బయటపడినందుకు," అంది కోడలు.

"చూశావా బావా, నీ కోడలు! మాటకు ముల్లుంది. నీ వేలు ఓసారి పెట్టు."

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. అతను అప్పటికే నలభై రేకులకూ "పంపండి" అనేశాడు.

మర్నాడు పది గంటలకు బడి పంతులమ్మ రావాలి. మేస్త్రి ఎనిమిదిన్నరకే వచ్చి, ఓ పాత గుడ్డ తీసుకుని రేకుల మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. లోపలి గుమ్మంలోంచి వచ్చాడు కాబట్టి కుడి చివర, నలభయ్యో రేకు దగ్గర మొదలుపెట్టాడు. గుడ్డ ఎడమవైపు లాగాడు. ఆకు కొసన గుడ్డపోగు పట్టుకుని సాగింది.

పోగు తెంపి జేబులోంచి దూది తీశాడు. ఎడమనుంచి కుడికి నడిపాడు. నున్నగా జారింది. కుడినుంచి ఎడమకు నడిపాడు. పట్టుకుంది.

సంగతి అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆకురాయి అతను ఎప్పుడూ ఎడమనుంచి కుడికే తోస్తాడు. ముల్లు పూర్తిగా పోని చోట అది కుడివైపు వాలి పడుకుంటుంది. దూదినీ అటే నడిపాడు. జుట్టు వాలు వెంట చేయి పోనిచ్చినట్టు, ఏమీ తగల్లేదు. ఎదురు నిమిరితే కదా తగిలేది. వేళ్ళకైతే ఈ తేడా ఉండదు. వేలు ఎటు పోయినా కనుక్కుంటుంది. దూదికి అంత జ్ఞానం ఎక్కడిది?

ఆకురాయి తెచ్చి నలభయ్యో రేకు పట్టాడు. తర్వాత ముప్పైతొమ్మిది, ముప్పైఎనిమిది. దూది ఎదురు నడపడం, పట్టినచోట రుద్దడం. ముప్పైఆరు అయ్యేసరికి యజమానురాలు వచ్చింది.

"ఏంటి మేస్త్రి గారూ ఇది! నేలంతా రాగి పొడి. ఇప్పుడే తుడిపించాను కదా. వాళ్ళొచ్చే టైమైంది."

"కొంచెం చూసుకుంటున్నానమ్మా."

"ఇంకా ఏం చూస్తారు? మీ వేలు తిరిగాక ఇంకేముంటుంది చూడ్డానికి! వెళ్ళండి, వెళ్ళి చొక్కా మార్చుకు రండి."

అదిగో, అప్పుడు చెప్పొచ్చు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు, వింటున్నదీ ఒక్కరే. మేస్త్రి నోరు తెరిచాడు కూడా. "అలాగేనమ్మా," అని వెళ్ళి చొక్కా మార్చుకున్నాడు. బొత్తాలు కళ్ళతో చూసి పెట్టుకుంటూ, పంతులమ్మ ఒక్క వైపే నడుస్తుందిలే అనుకున్నాడు. మొదటి రేకునుంచి నలభయ్యో రేకుదాకా నడుస్తుంది, బాగుందంటుంది, వెళ్తుంది. తర్వాత ఎవరూ చూడకుండా మిగిలినవి సరిచేస్తే సరి.

పంతులమ్మ చేతికర్ర తాటించుకుంటూ సరిగ్గా పదింటికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. ఆమెకూ చూపు లేదు. కారు డ్రైవరు గుమ్మం దాకా తెచ్చి వదిలాడు.

"ఎక్కడ మొదలు?" అంది, పలకరింపులు అవకముందే.

యజమానురాలు మొదటి రేకు దగ్గర నిలబెట్టింది. పంతులమ్మ కర్ర కుడిచేతిలోకి మార్చుకుని, ఎడమచేయి రాగి మీద ఆనించి నడవసాగింది.

"చల్లగా ఉంది. ఇది ఆకు. ఇదీ ఆకే, కొంచెం ముడుచుకుంది. ఇది పిట్ట. అబ్బో, ముక్కు పెద్దదే!"

"నన్ను చూసి చేశాడమ్మా మా బావ," అన్నాడు వెల్డరు వెనకనుంచి.

పంతులమ్మ పకపకా నవ్వింది. "అయితే మా పిల్లలు రోజూ మీ ముక్కు పట్టుకుంటారన్నమాట."

పళ్ళెం దగ్గర ఆగి చుట్టూ వేలు తిప్పి, "ఆకలేస్తోంది," అంది. తర్వాత అలలు వచ్చాయి. చేయి పైకీ కిందికీ తేలుతూ పోయింది. మేస్త్రి ఓ పక్క ఇనప అలమర దగ్గర నిలబడి ఆ చేయినే చూస్తున్నాడు. ముప్పైఎనిమిది, ముప్పైతొమ్మిది, నలభై. ఏమీ కాలేదు.

"చాలా బాగుంది," అంది పంతులమ్మ. "ఇక సాయంత్రం ఇంటికెళ్ళే దారి చూద్దాం." అని వెనక్కి తిరిగి, కర్ర ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేయి గోడకు ఆనించింది.

నలభై. మేస్త్రి లెక్కపెట్టాడు. ముప్పైతొమ్మిది. అవి సరిచేసినవే. ముప్పైఎనిమిది. ఆమె ఏదో మాట్లాడుతోంది, యజమానురాలు ఏదో చెబుతోంది. మేస్త్రికి వినబడుతోంది గానీ అర్థం కావడం లేదు. ముప్పైఏడు. ఇప్పుడు చెబితే ముప్పై ఏళ్ళ మాట నేల మీద పడుతుంది. చెప్పకపోతే ఆమె వేలు తెగుతుంది. రెండూ తూకం వేసినట్టు కనబడుతున్నాయి, రెండింటికీ లోపల ఏ కదలికా లేదు. ముప్పైఆరు. ఆమె మధ్యవేలు రేకు చివర మడత దాటింది. ముప్పైఐదో రేకులో పిట్ట రెక్క ఈవైపే ఉంది.

"ఆగండమ్మా."

తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది. పంతులమ్మ చేయి గాలిలో నిలిచింది.

"అక్కడ చేయి పెట్టకండి. కోసుకుంటుంది. ముళ్ళున్నాయి. నాకు తెలీలేదు. తెలియదు. నా వేళ్ళకి ఏడు నెలలుగా స్పర్శ లేదు."

"అమ్మా, ఆయనకి రెండ్రోజులుగా ఒంట్లో బాలేదు," అంటూ వెల్డరు గబగబా ముందుకొచ్చాడు. "జ్వరంలో ఏదో..."

"నువ్వూరుకోరా," అన్నాడు మేస్త్రి.

పంతులమ్మ గోడ వదిలి అతని గొంతు వచ్చినవైపు నడిచింది. "చేయి ఇటివ్వండి." మేస్త్రి చేయి చాపాడు. ఆమె అతని చూపుడువేలు కొస మీద గోరు నొక్కింది. "తెలుస్తోందా?"

"లేదమ్మా."

ఇంకా గట్టిగా నొక్కింది. కోడలు మొహం పక్కకు తిప్పుకుంది. "ఇప్పుడు?"

"లేదు."

"మరి ఇన్ని రేకులూ దేంతో చూశారు?"

మేస్త్రి జేబులోంచి దూది తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. అది ఎలా పనిచేస్తుందో, ఎందుకు పనిచేయలేదో చెప్పాడు. సాగదీయకుండా, ఎవరో కొత్త పనివాడికి పని చెబుతున్నట్టు చెప్పాడు. ఆమె దూదిని వేళ్ళమధ్య నలుపుతూ విన్నది.

"మా పిల్లలు పొద్దున ఇటు వెళ్తారు, సాయంత్రం అటు వస్తారు," అంది చివరికి. "వాళ్ళు పుస్తకం చదివేది ఈ వేళ్ళతోనే. ఒక్క వేలు తెగితే వారం రోజులు పుస్తకం మూతే." కోప్పడలేదు. ఓదార్చనూ లేదు. "రెండువైపులా చూసి పంపండి. వచ్చే సోమవారానికి." దూది అతనికి తిరిగిచ్చి, కర్ర తాటించుకుంటూ వెళ్ళింది.

గుమ్మం తలుపు మూసుకున్నాక యజమానురాలు ఇటు తిరిగింది. "నాతో చెప్పొచ్చుగా? పొద్దున అడిగాను కదా! పొద్దున!"

"అడిగారమ్మా."

"ఈ షెడ్డు పెట్టిన మా నాన్నగారుంటే ఏమనేవారో మీకు తెలుసా?"

తెలుసు. ఆయన ఏమీ అనేవాడు కాదు, అది ఇంకా కష్టంగా ఉండేది. మేస్త్రి కోడలివైపు చేయి చూపించాడు. "అమ్మాయి చూస్తుందమ్మా ఇకనుంచి," అన్నాడు.

"నాకు రాదు మామయ్యా," అంది కోడలు. ఆమె కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. "నాకెందుకు ఇది?"

"తొడుగుల్లో దాచుకున్న చేతులు నీవొక్కదానివే ఈ షెడ్డులో. మావన్నీ కాయలు కాసినవి. రా. కళ్ళు మూసుకో. నొక్కకు. నిద్రపోయే పిల్ల మొహం తుడిచినట్టు పోవాలి. ముందు అటు, తర్వాత ఇటు."

ఆమె చూసింది. మేస్త్రి సుద్దముక్క పట్టుకుని పక్కన నిలబడ్డాడు. "ఇక్కడ," అన్నప్పుడల్లా గుర్తు పెట్టాడు. మొదటి మూడు రేకుల్లో ఏమీ లేవు. నాలుగో దాంట్లో రెండు. పిట్ట ముక్కు దగ్గర ఒకటి దొరికినప్పుడు వెల్డరు ఏదో అనబోయి మానుకున్నాడు. సాయంత్రానికి గోడ పొడుగునా పదిహేడు తెల్ల గుర్తులు. అతను వాటిని లెక్కపెట్టాడు. లోపల ఎక్కడో నొప్పి ఉండాలి కదా అని వెతుక్కున్నాడు. సూదితో గుచ్చి డాక్టరు వెతికినట్టే. దొరకలేదు. ఆకురాయి తీసుకుని మొదటి గుర్తు దగ్గర కూర్చున్నాడు.

సోమవారం రేకులు బడికి వెళ్ళాయి. మంగళవారం మేస్త్రి యజమానురాలి గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇంకేంటి?" అందామె కాగితాలమీంచి తల ఎత్తకుండా.

"ఈ ఏడు నెలల్లో బయటికెళ్ళిన సామాను ఉందమ్మా. కుర్చీలూ, బల్లలూ. అవన్నీ దూదితో చూసినవే."

ఆమె తలెత్తింది. "అయితే? ఫోన్ చేసి మా కుర్చీ మిమ్మల్ని కోస్తుందని చెప్పమంటారా? ఒక్కళ్ళూ తిరిగి ఏమీ అనలేదే!"

"అనలేదు."

"మరి ఊరుకోండి. మీకు నిద్ర పట్టడం లేదా ఏంటి?"

"పడుతోందమ్మా. హాయిగా పడుతోంది. అదే భయంగా ఉంది నాకు."

యజమానురాలు కలం పక్కన పెట్టింది. తర్వాత కంప్యూటరులో వెతికి, చిరునామాలున్న కాగితం ఒకటి తీసి బల్ల మీదుగా తోసింది. ముప్పైఒక్క ఇళ్ళు. "ఉచితంగా పాలిష్ చేస్తామని చెప్పండి. అంతకన్నా ఏమీ చెప్పకండి," అంది.

"ఉన్నది చెబుతానమ్మా," అన్నాడు మేస్త్రి. ఆమె చేత్తో వెళ్ళమన్నట్టు సైగ చేసింది.

మొదటి ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు. కోడలు సంచి మోసుకుని ముందు ఎక్కింది, అతను వెనకాల. ఓ పెద్దావిడ తలుపు తీసింది. మేస్త్రి తనెవరో, ఎందుకొచ్చాడో, తన వేళ్ళ సంగతేమిటో అంతా గుమ్మంలోనే చెప్పేశాడు. పెద్దావిడకు సగం అర్థమైనట్టుంది.

"కుర్చీ బాగానే ఉంది నాయనా. మా అబ్బాయి నాకోసమే కొన్నాడు. రండి, చూద్దురు గాని."

కిటికీ పక్కన ఇత్తడి కుర్చీ. ఆ వంపుల కోసం అతను పదకొండు రోజులు సుత్తి పట్టాడు. ఆ వంపులేవీ కనబడటం లేదు. కుర్చీ రెండు చేతుల మీదా పాత దుప్పటి పీలికలు గట్టిగా చుట్టి, వరసగా దారంతో ముళ్ళు వేసి ఉన్నాయి. ఎంతో ఓపిగ్గా, నీటుగా వేసిన ముళ్ళు.

"మొదట్లో చేతికి గీసుకునేది," అంది పెద్దావిడ. "లోహం కదా, అలాగే ఉంటుంది కాబోలనుకున్నా. గుడ్డ చుట్టుకున్నాక ఏ బాధా లేదు."

"మీ అబ్బాయికి చెప్పలేదా అండీ?" అంది కోడలు.

"వాడు అంత ముచ్చటపడి తెస్తే ఏమని చెప్పను?"

మేస్త్రి కుర్చీ ముందు నేలమీద కూర్చున్నాడు. మొదటి ముడి పట్టుకున్నాడు. ముడి కంటికి కనబడుతోంది, వేళ్ళు మాత్రం దాని పక్కనుంచి, పైనుంచి జారిపోతున్నాయి. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది.

"నేను తీస్తా, మామయ్యా," అంటూ కోడలు పక్కన చతికిలబడింది.

అతను చేతులు వెనక్కి తీసుకుని, కుర్చీ కదలకుండా కాళ్ళు పట్టుకున్నాడు. దారాలు ఒక్కొక్కటే ఊడి, గుడ్డ విడిపోయి, ఇత్తడి బయటపడింది. కోడలు కళ్ళు మూసుకుని వేలు ఆనించబోయింది.

"జాగ్రత్తమ్మాయ్, అక్కడ గీసుకుంటుంది," అంది పెద్దావిడ.